కిలియర్ అంటే

కాశీబుగ్గలో దర్జీ యుగంధర్ పుస్తకంలో రాజులమ్మ పేరు కింద రెండు చేతులకూ రెండు కొలతలు రాసి ఉంటాయి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఎవరైనా అది పొరపాటు అనుకుని రెంటినీ ఒకటి చేసి కుట్టేస్తే, ఆ జాకెట్టు కుడివైపు మోచేయి దాటి పైకి ఎక్కదు. అప్పుడు రాజులమ్మ దుకాణం గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలాగ అంటుంది:

"నాకు రెండు సేతులు నేవు బాబూ. ఒకటి సెయ్యి, ఒకటి అరటి బోద."

అందరూ నవ్వుతారు. వాళ్ళు నవ్వుతుండగానే ఆమె కుడిచేతిని కొంగు కిందికి లాక్కుంటుంది.

ఆ చెయ్యి పుట్టుకతో అలాంటిది కాదు. తిత్లీ తుఫానుకి రెండేళ్ళ ముందు ఆమెకు కుడి రొమ్ములో గడ్డ తేలింది. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో రొమ్ము తీసేశారు. దానితోపాటు చంకలో ఉన్న గ్రంథులన్నీ తీసేశారు. ఆ జబ్బు ఒళ్ళంతా పాకాలంటే ముందు చంకలోకి వస్తుంది కాబట్టి, వచ్చిందో రాలేదో తేలకుండానే అక్కడంతా ఊడ్చి పెట్టడం అప్పటి పద్ధతి. ఇంటికి పంపేటప్పుడు సిస్టరమ్మ కాగితం చూసి "ఆగ్జిలరీ క్లియరెన్స్" అని చదివింది. అదేటమ్మా అని రాజులమ్మ అడిగితే, "చంకలో మొత్తం క్లియర్ చేసేశారమ్మా" అంది. ఆ మాట ఆమె మనసులో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. పది రోజులకు ల్యాబు నుంచి రెండో కాగితం వచ్చింది. తీసిన గ్రంథులు పద్నాలుగు. జబ్బున్నవి సున్నా.

ఆ సున్నాని చూసి ఆమె భర్త తవిటయ్య అమ్మోరికి కోడిని మొక్కాడు. రాజులమ్మ కూడా సంతోషించింది. ఆర్నెల్లు తిరిగేసరికి చెయ్యి వాయడం మొదలైంది. గ్రంథులు పోతే చేతిలో నీరు తిరిగి వెళ్ళే దారి మూసుకుపోతుందట. ఒకసారి వాచిన చెయ్యి మళ్ళీ పూర్తిగా తగ్గదట. ఆ చేతికి సూది గుచ్చకూడదు, కోసుకోకూడదు, కాల్చుకోకూడదు, బరువు ఎత్తకూడదు. ఇవన్నీ వింటూ వింటూ రాజులమ్మకు ఒకనాడు ఆ పద్నాలుగూ గుర్తొచ్చాయి. పద్నాలుగింట్లోనూ ఏమీ లేనప్పుడు, పద్నాలుగూ ఎందుకు తీసినట్టు?

చెయ్యి పోతే ఏం పోయిందో తెలియాలంటే ఆమెను అంతకుముందు జీడిపప్పు ఫ్యాక్టరీలో చూసి ఉండాలి. ఇరవై ఏళ్ళు పొట్టు తీసే పనిలో ఉంది. కిటికీ పక్క పీట ఆమెది. వేడి తగ్గిన పప్పుని ఎడమచేతిలోకి తీసుకుని, చిన్న చాకు మొనతో ఇలా తిప్పితే పొట్టు ఊడి, గుండు గుండుగా పడేది. బద్దలు కాకుండా, గీత పడకుండా. "రాజులమ్మ సేతిలో పప్పు తనకు తానే బట్ట ఇప్పుకుంటాది" అనేది పక్క పీట బొడ్డమ్మ, ముసలి గొంతుతో సిగ్గు లేకుండా. ఆపరేషన్ తర్వాత చాకు పట్టుకోవద్దన్నారు. ఫ్యాక్టరీవాళ్ళు మంచివాళ్ళే, పని మాన్పించలేదు. పొట్టు జల్లించి మూటకట్టే వైపు వేశారు. కిటికీ పక్క పీట ఖాళీ అయింది.

ఆ పీట మీద కూర్చున్నది సంధ్య.

సంధ్య రాజులమ్మకు తోడికోడలు. తవిటయ్య తమ్ముడు హరిబాబు భార్య. వజ్రపుకొత్తూరు వైపు ఊరిలో రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. పద్నాలుగేళ్ళు చిన్నది, ఎరుపు తక్కువైనా కళ గల మనిషి, నవ్వితే పన్ను మీద పన్ను కనిపిస్తుంది. పని నేర్పింది రాజులమ్మే. నేర్పిన మనిషి పొట్టు జల్లిస్తుంటే నేర్చుకున్న మనిషి కిటికీ వెలుగులో గుండ్లు రాలుస్తుండేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పుకుని తినేవారు. రాజులమ్మ ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత నమిలి మింగిందో క్యారేజీలో అన్నానికి తెలుసు.

ఈ ఏడు కొత్త జీడిపిక్కలు దిగే రోజుల్లో, ఒక పొద్దున స్నానం చేసి వచ్చిన సంధ్య గోడ ఇవతలికి వచ్చి నిలబడింది.

"అక్కా, ఇలగ రా. ఇది సూడు. జీడిబద్దంత ఉన్నాది. నొప్పి నేదు."

రాజులమ్మ తడిమి చూసింది. ఎడమ రొమ్ములో, పైన, వేలి కింద తప్పుకోకుండా నిలబడ్డ గట్టి పలుకు. నొప్పి లేదన్న మాటకే ఆమె గుండె జారింది. తనకూ నొప్పి లేదు. నొప్పి లేదని ఎనిమిది నెలలు కూర్చుంది.

"నాలాగ కూకోకు. రేపే ఎల్దాం," అంది.

హరిబాబు పలాస స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. ఇంకో పది రోజులు చూద్దామన్నాడు. "పది రోజులు నీ ఆటో సూడు. దీన్ని నాను తీసుకెల్తాను," అని రాజులమ్మే రైలెక్కించింది. ఆ మాటకి వస్తే సంధ్యని నిలబెట్టింది ఆమే. ఇది మనసులో పెట్టుకుని తర్వాతిది వినాలి.

విశాఖపట్నంలో ఈసారి వెళ్ళింది వేరే ఆస్పత్రి. పరీక్షలయ్యాక హరిబాబు కూడా వస్తే, డాక్టర్ అనిత ముగ్గురినీ కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద రొమ్ము బొమ్మ, చంక బొమ్మ గీసింది. రొమ్మంతా తీయక్కర్లేదు, గడ్డ వరకు తీసి తర్వాత రేడియేషన్ ఇస్తే చాలంది. రాజులమ్మ కొంగు సర్దుకుంది. డాక్టరు చంక బొమ్మ మీద చుక్కలు పెట్టింది.

"ఇవి గ్రంథులు. జబ్బు బయటికి వెళ్ళాలంటే ఈ చుక్కల్లో ముందుగా వచ్చేది ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ వాటి వెనకే. మత్తు ఇచ్చాక రొమ్ములోకి నీలం రంగు ఎక్కిస్తాం. ఆ రంగు ముందుగా చేరిన గ్రంథిని తీసి, ఆపరేషన్ జరుగుతుండగానే ల్యాబుకి పంపిస్తాం. దాన్ని మంచులా గట్టిపరిచి, పల్చగా కోసి, అరగంటలో చూసి చెబుతారు. దాంట్లో జబ్బు లేకపోతే మిగతావి ముట్టుకోం. ఉంటే అన్నీ తీస్తాం."

హరిబాబు తల ఊపాడు. ఏమీ అర్థం కాలేదని ఆ ఊపులోనే తెలుస్తోంది. రాజులమ్మ అతని వైపు తిరిగింది.

"పిక్కలు కొన్నోలు ఏటి సేస్తారు బాబూ? బస్తా మూతికాడ పిడికెడు తీసి కోసి సూడరా? పిక్క బాగుంటే బస్తా కుమ్మరిస్తారా? ఇదీ అంతే."

డాక్టర్ అనిత ముచ్చటపడింది. "ఎంత బాగా చెప్పారమ్మా! ఇక నుంచి పలాస వాళ్ళకి ఇలాగే చెబుతాను."

మెచ్చుకోలు రాజులమ్మ చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె కళ్ళు ఆ కాగితం మీది చుక్కల మీద ఉన్నాయి. డాక్టరు గీసినవి ఆరో ఏడో. ఆమె వాటి పక్కన మిగతావి పెట్టుకుంటూ పద్నాలుగు దాకా వెళ్ళింది.

"మరి నాకు పిడికెడు తీసి సూడనేదేటమ్మా?"

డాక్టరు ఆమె పాత కాగితాలు అడిగి తీసుకుని చూసింది. "అప్పట్లో అన్ని చోట్లా ఈ సదుపాయం లేదమ్మా. కొన్నిచోట్ల ఇప్పటికీ లేదు. తమకు తెలిసిన మంచి పద్ధతిలోనే వాళ్ళు చేశారు."

"పద్నాలుగు తీసినారు. ఒక్కదాంట్లో ఏటీ నేదు."

"అది మంచి విషయమే కదమ్మా," అంది డాక్టరు, మెత్తగా.

ఆ మెత్తదనమే మండింది. డాక్టరు ఆ తర్వాత కూడా ఏదో చెప్పింది, రంగు గురించి, మర్నాడు కంగారు పడొద్దని. రాజులమ్మకు వినబడలేదు. హరిబాబు తల ఊపాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే సంధ్యని పచ్చగౌను వేసి తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఆమె రాజులమ్మ వాచిన చేతిని పట్టుకుంది. "అక్కా, నీలాగ అయితే నాను బతకనేను. పీట మీద కూకోకపోతే ఏటి సెయ్యాల?" అంది. భయంలో అన్న మాట. భయంలో అన్నమాటకి ఎదుటి మనిషి ఎవరో చూసుకునే తీరిక ఉండదు. కాని విన్నవాళ్ళకి ఆ తీరిక బోలెడు.

నీలాగ అయితే బతకలేను. మరి నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నది ఏమిటి?

థియేటరు తలుపు ఎదురుగా నీలం కుర్చీలు. హరిబాబు కూర్చోలేక గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. రాజులమ్మ కదలకుండా కూర్చుంది. ఇప్పుడు లోపల రంగు ఎక్కిస్తూ ఉంటారు. ఇప్పుడు నీలం తిరిగిన గ్రంథి దొరికి ఉంటుంది. ఇప్పుడు ఎవరో దాన్ని డబ్బాలో పెట్టుకుని మెట్లు దిగుతూ ఉంటారు. తనకోసం ఇలా ఎవరూ మెట్లు దిగలేదు. తన పద్నాలుగూ ఒకేసారి బకెట్లో పడ్డాయి. సంధ్య చంకలో ఒక్క చుక్క కోసం ఇంతమంది ఆగి, ఊపిరి బిగబట్టి, అరగంట ఎదురు చూస్తున్నారు.

ఆ అరగంటలో రాజులమ్మకు ఒక కోరిక పుట్టింది. పుట్టిందని తెలిసేసరికే పెరిగి కూర్చుంది. ఉండనీ. ఆ చుక్కలో ఉండనీ.

వెంటనే తన్ను తాను అదలించుకుంది. తను సంధ్య చావు కోరడం లేదు. అమ్మతోడు, కోరడం లేదు. దానికి ఇద్దరు చదువుకునే పిల్లలు. తను కోరుకుంటున్నది చెయ్యి ఒక్కటే. దానికీ ఒక చెయ్యి వాయాలి, అంతే. జాకెట్టు ఎక్కకూడదు. ఎవరైనా ఏటయ్యింది అని అడిగితే, ఇద్దరిలో ఎవర్ని అడుగుతున్నారో తెలియకూడదు. కాని చెయ్యి వాయాలంటే గ్రంథులు పోవాలి, గ్రంథులు పోవాలంటే ఆ చుక్కలో జబ్బు ఉండాలి. రెండూ ఒకే బస్తాలో పిక్కలు. ఒకటి ఏరుకుని ఇంకోటి వదిలేయడానికి ఎంత వెతికినా దారి దొరకలేదు.

తలుపు జానెడు తెరుచుకుంది. మాస్కు కట్టుకున్న సిస్టరు తల బయట పెట్టింది.

"సంధ్య తాలూకు ఎవరు? నోడ్స్ క్లియర్ అమ్మా, గ్రంథులు. డాక్టరుగారు చెప్పమన్నారు. ఇంకో గంట పడుతుంది."

తలుపు మూసుకుంది.

"కిలియర్ అంతాది వదినా. మంచిదే కదా?" అన్నాడు హరిబాబు, మొహం వెలిగించుకుని. "రోడ్డు కిలియర్ అంతారు కదా?"

"రోడ్డు కాదు బాబూ." రాజులమ్మ గొంతు ఎంత నిబ్బరంగా వచ్చిందో ఆమెకే వింతగా ఉంది. "నాకూ ఇదే మాట సెప్పినారు. కిలియర్ సెయ్యడం అంటే ఊడిసీడం. సంకలో మొత్తం తీసీసినారు. అందుకే ఇంకో గంట అంతన్నారు."

హరిబాబు కుర్చీలో కూలబడ్డాడు. తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి చెప్పాక ఆటో డ్రైవరు తెలివి ఎంత? రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. రాజులమ్మ అతని వీపు నిమిరింది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు వెచ్చగా, హాయిగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా గుండెలో బిగిసి ఉన్న ముడి ఏదో సడలింది. ఆమెకు ఒక్కసారిగా సంధ్య మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, ఆ క్షణంలో తన రెండో చెయ్యి కూడా ఇచ్చేసేది.

ఆ సాయంత్రం రాజులమ్మ అంత మంచిమనిషి ఆ వార్డులో లేదు. సంధ్య నోరు తడిపింది, పాదాలు ఒత్తింది, జడ విప్పి దువ్వి మళ్ళీ అల్లింది. పెద్ద డాక్టరు ఇంకో ఆపరేషన్‌లో ఉండిపోవడం వల్ల, డ్యూటీ డాక్టరు వచ్చి కట్టు చూసి, బీపీ చూసి వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అన్నీ తెలిసిన రాజులమ్మ ఉండగా అడగడం ఎందుకు?

"అక్కా, తీసీసినారా?" అంది సంధ్య, మత్తు దిగీ దిగకుండా.

"తీసీసినార్లే. నీ ఎనక నాను నేనా? సెయ్యి ఎలగ సూసుకోవాలో అన్నీ నేర్పుతాను. పట్టీ ఎలగ సుట్టుకోవాలో, దిండు మీద ఎలగ పెట్టుకోవాలో. మనిద్దరం ఒకటే ఇప్పుడు."

సంధ్య కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. జబ్బు చంక దాకా వచ్చేసిందని ఆమెకు అర్థమైంది. పిల్లల పేర్లు ఒకసారి అనుకుంది. రాజులమ్మ కొంగుతో ఆమె చెవులు తుడిచింది.

తెల్లారింది. రాజులమ్మ సంధ్యని మెల్లగా నడిపించి స్నానాలగదికి తీసుకెళ్ళింది. ఒక నిమిషానికి లోపలి నుంచి కేక.

"అక్కా! పచ్చగా వొస్తన్నాది! ఆకు పసరులాగ ఉన్నాది!"

వాళ్ళది కిడ్నీ జబ్బుల ఉద్దానం. అక్కడ ఒంటేలు రంగు మారితే జ్యోతిష్కుణ్ణి అడగరు. సంధ్య తండ్రి కవిటిలో కొబ్బరితోట కౌలు చేస్తూ ఉండగా కిడ్నీలు పోయి, మూడేళ్ళు డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. ఆ ఊళ్ళల్లో బడిపిల్లలకు కూడా ఎక్కాలతోపాటు క్రియాటినిన్ ఎంత ఉండాలో తెలుసు. హరిబాబు ఆ కేక విని అక్కడే చతికిలబడ్డాడు. "అయిపోనాది వదినా. అదీ పోనాది. మాయమ్మే, ఏటి పాపం సేసినాం!" రాజులమ్మ వరండాలో పరుగెత్తింది. "కిరాటిన్ సూడండమ్మా! బేగి కిరాటిన్ సూడండి! మాది ఉద్దానం!" అని కనిపించిన ప్రతి తెల్లకోటునీ పట్టుకుంది.

నాలుగో తెల్లకోటు డాక్టర్ అనితది. రౌండ్సుకి వస్తోంది. సంగతి విని ముందు కంగారు పడింది, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"రంగు, అమ్మా! నేను ఎక్కించిన నీలం రంగే అది. ఒకటి రెండు రోజులు మూత్రంలో కలిసి అలా పచ్చగా వస్తుంది, కంగారు పడొద్దని ఆరోజే చెప్పాను కదా!" మంచం దగ్గరికి వచ్చి సంధ్య చెంప తట్టింది. "నువ్వెందుకమ్మా ఇలా కళ్ళు వాచేలా ఏడ్చావు? నీ గ్రంథులు క్లియర్. రెండు తీశాం, రెంట్లోనూ జబ్బు లేదు. మిగతావి ముట్టుకోలేదు. నిన్ననే చెప్పించాను కదా. కొన్నాళ్ళకి పూర్తి రిపోర్టు కూడా వస్తుంది, అది చూశాక మిగతా వైద్యం మాట్లాడుకుందాం."



"నాను సెప్పనేదా!" హరిబాబు లేచి నిలబడ్డాడు. ఏడుపు నవ్వు కలిసి గొంతు పిల్లాడిలా చీలింది. "రోడ్డు కిలియర్ అంటే కిలియరే! వదినా, నీ ఇంగిలీసు కంటే నా ఆటో ఇంగిలీసే నయం! పాపం వదిన, నిన్న ఎంత ఏడిసిందో తెలుసా సంధ్యా, నీకు మొత్తం తీసీసినారని!"

అతను టీ తేవడానికి పరుగెత్తాడు. డాక్టరు పక్క మంచానికి వెళ్ళింది. రాజులమ్మ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆమెకు ఆ క్షణంలో దేనిమీద అసూయ కలిగిందో చెబితే నవ్వుతారు. ఆ ఆకుపచ్చ ఒంటేలు మీద. తనకు ఎవరూ ఏ రంగూ ఎక్కించలేదు. భయపెట్టడానికైనా తన ఒంట్లోంచి ఒక్కరోజు నీలం రాలేదు.

సంధ్య ఆమెను చూస్తోంది. సంధ్యకు చదువు లేదు గాని, పప్పు మీద వెంట్రుకంత గీత ఉన్నా కనిపెట్టే కన్ను ఆమెది. ఆ కన్ను తయారుచేసింది రాజులమ్మే.

"ఏడిసినావా అక్కా?"

"కన్నీల్లు వొచ్చినాయి."

"ఎందుకు?"

అబద్ధం నాలిక చివరే ఉంది. ఎవరైనా అదే అంటారు, ఎవరైనా నమ్ముతారు. రాజులమ్మ తన అరటి బోద లాంటి చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"సంతోసం పడ్డాను సంధ్యా. నీకూ ఇలగే అయ్యిందని. నువ్వు సావాలని కాదు. సెయ్యి..." కొంగు ఆ చేతి మీదికి లాక్కుంది. "హరి కిలియర్ అంటే మంచిదే అన్నాడు. నానే కాదన్నాను. నాకు అలగే ఇనపడింది. అలగ ఇనాలని ఉన్నాది గావాల."

సంధ్య మొహం పైకప్పు ఫ్యాను వైపు తిప్పుకుంది.

"రాత్రంతా పిల్లల్ని ఎవుల్లకి అప్పగించాలా అని సూసుకున్నాను," అంది. "ఆఖరికి నీకే అప్పగిద్దాం అనుకున్నాను. ఎల్లిపో అక్కా. నీ మొకం సూడనేను."

రాజులమ్మ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి తవిటయ్యతో, "దానికి ఏటీ నేదు, బాగున్నాది," అని మాత్రం చెప్పింది. అది చెప్పడానికి ఎంత కష్టపడిందో అతనికి తెలియలేదు.

నాలుగో రోజుకి సంధ్య ఊరొచ్చింది. నడుమ గోడ ఒక్కటే అయినా రెండువారాలు మాటల్లేవు. రాజులమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళి వస్తోంది. కిటికీ పక్క పీట ఖాళీగా ఉంది. బొడ్డమ్మ ఒకరోజు అంది, "ఏటే రాజులమ్మా, నీ తోడికోడలు మంచం మీద ఉంటే నువ్వు పొట్టు జల్లిస్తన్నావు? దెబ్బలాడుకున్నారేటి?" రాజులమ్మ జల్లెడ ఇంకాస్త గట్టిగా ఊపింది. ముసలిది వదల్లేదు. "కుల్లు అయితే కుల్లు అని సెప్పు. ఈ పాకలో కుల్లు నేనిదెవర్తి?"

పదిహేనో రోజు హరిబాబు గోడ ఇవతలికి వచ్చాడు. ఆటో యూనిఫాం చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"వదినా, మీ ఇద్దరికీ ఏటయ్యిందో నాకు తెల్దు. అదీ సెప్పదు, నువ్వూ సెప్పవు. నిన్న ఇసాపట్నం తీసుకెల్లినాను. డాక్టరమ్మ తిట్టింది. సెయ్యి ఎత్తడం నేదట అది. ఆ రేడియేసన్ కరెంటు ఎట్టాలంటే సెయ్యి తల మీదికి ఎత్తి పడుకోవాలంట, అప్పుడుగానీ మొదలెట్టరంట. కుట్లు ఇప్పుకుంటాయని అది సెయ్యి కడుపుకి కట్టేసుకుని కూకున్నాది. ఎత్తమంటే నామీద పడి ఏడుస్తాది. బుజం బిగిసిపోతే ఇంక అంతే అన్నాది డాక్టరమ్మ."

"నానేటి సేత్తాను?"

"నువ్వు సెప్తే ఇంటాది. నువ్వే సెయ్యాలి వదినా."

అతను వెళ్ళాక రాజులమ్మ పెరట్లో కూర్చుంది. ఆమెకు తెలుసు. చెయ్యి కదపకపోతే రెండువారాల్లో భుజం మొండికేస్తుంది. నెలకు కొయ్యబారుతుంది. జడ వేసుకోవడానికి అందదు, దండెం అందదు. చాకు పట్టుకోవచ్చు గాని పీట మీద గంటలు గంటలు కూర్చోలేదు. వాపు రాకుండానే, ఏ గ్రంథీ పోకుండానే, సంధ్య చెయ్యి తన చేతికి చుట్టం అయిపోతుంది. దానికి రాజులమ్మ చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ఇక్కడే ఇలా కూర్చుంటే చాలు. ఎవరూ ఒక్క మాట అనరు. సంధ్యే పొమ్మంది కదా. రేడియేషన్ ఆలస్యమైతే? అది డాక్టర్లు చూసుకుంటారు.

ఆస్పత్రి కుర్చీలో పుట్టిన ఆ కోరిక ఎక్కడికీ పోలేదని అప్పుడు తెలిసింది. అప్పుడు దాన్ని తీర్చడమో మానడమో ల్యాబు చేతిలో ఉండేది. ఇప్పుడు తన చేతిలోకి వచ్చింది.

కొబ్బరాకుల నీడ గోడ మీద చాలా దూరం జరిగేదాకా అలాగే కూర్చుని, లేచింది. గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది.

సంధ్య వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఎడమచెయ్యి తువ్వాలులో చుట్టి కడుపుకి అదిమిపెట్టుకుంది.

"ఎందుకొచ్చినావు?"

"లెగు. గోడకాడికి రా."

"నొప్పి."

"ఉంటాది. లెగు."

సంధ్య లేవలేదు. రాజులమ్మే వంగి తువ్వాలు ముడి విప్పింది. నడుం పట్టి లేవదీసి, సున్నం వేసిన గోడ ముందు నిలబెట్టింది. తనూ పక్కన నిలబడింది. తన కుడిచెయ్యి, దాని ఎడమచెయ్యి పక్కపక్కన గోడ మీద.

"సెయ్యి ఎత్తుతున్నాననుకోకు. ఏల్లు నడుస్తన్నాయి అనుకో. సీమ పాకినట్టు. ముందు ఈ ఏలు, ఎనకాల ఈ ఏలు. సెయ్యి దానికదే ఎనకాల వొస్తాది. ఊపిరి బిగబట్టకు."

"కుట్లు ఇప్పుకుంటాయి."

"ఇప్పుకోవు. నాకు ముప్పై ఏసినారు, ఒక్కటి ఇప్పుకోనేదు."

వేళ్ళు పాకాయి. సంధ్య పళ్ళు బిగించింది, తిట్టింది, రాజులమ్మని తిట్టింది, వాళ్ళమ్మని తిట్టింది. భుజం ఎత్తు దగ్గర ఆగి, చెమటలు కక్కి, మళ్ళీ పాకింది. రాజులమ్మ వేళ్ళు కూడా పక్కనే పాకాయి. చెవి ఎత్తు దాటి కొంచెం పైన అవి ఆగిపోయాయి. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఆగుతున్నాయి. ఇంకో అంగుళం కోసం ఎంత గింజుకున్నా బరువు వెనక్కి లాగుతుంది.

సంధ్య వేళ్ళు కూడా సరిగ్గా అక్కడికి వచ్చి ఆగాయి.

రాజులమ్మ పక్కకి చూసింది. సంధ్య మొహంలో ఇప్పుడు నొప్పి లేదు. కళ్ళు రాజులమ్మ వేళ్ళ మీద ఉన్నాయి. చంకలో పట్టు వదిలిందని, ఇంకా పైకి వెళ్ళగలదని ఆ భుజం వాలులోనే తెలిసిపోతోంది. కావాలనే ఆపింది. పక్కనున్న చేతిని దాటకుండా, మర్యాదగా.

"ఆగిపోనావేటి?"

"నొప్పి."

"అబద్దం. నన్ను సూసి ఆగినావు." రాజులమ్మ ఎడమ అరచేత్తో గోడ మీద చరిచింది. కోపంతోనే. "జాలి పడకు నామీద. నువ్వు ఆగితే నా సెయ్యి తగ్గిపోద్దేటి?"

"నువ్వు మల్లీ కుల్లుకుంటావు."

"కుల్లుకుంటాను. ఇప్పుడూ కుల్లుకుంటన్నాను. నీ సెయ్యి పైకెల్తే నా కడుపు మండుద్ది. మండనీ. అది నా గోల. నువ్వు ఎత్తు."

సంధ్య ఆమె మొహంలోకి చూసింది. అది కోపమో, ఏడుపో, ఇంకేమిటో తేల్చుకోలేకపోయినట్టుంది. గోడ వైపు తిరిగింది. మొదటి వేలు రాజులమ్మ వేలి మీదుగా ఒక అంగుళం పైకి జరిగింది. తర్వాత రెండోది. సున్నం కొద్దిగా రాలి ఇద్దరి జుట్టు మీదా పడింది.

"ఇంకా," అంది రాజులమ్మ, కడుపు మండుతుండగానే. "ఇంకా జానెడు ఉన్నాది. ఊపిరి ఒగ్గు. ఎత్తు."